పెద్దవాళ్ళకీ మూలుగ మార్పిడి

ఇంట్లో పెద్దావిడకి తీవ్ర లుకేమియా, అంటే హఠాత్తుగా ముంచుకొచ్చే రక్తపు కాన్సరు అని తేలిందనుకోండి. డాక్టరుగారు "మూలకణాల మార్పిడి" అనగానే వరండాలో మనవాళ్ళనే మాట ఒకటే: "ఈ వయసులో ఆవిడకెందుకండీ ఆ హింస!" ఆ మాట ఒకప్పుడు సబబే. ఇప్పుడు కాదు.

మన రక్తం తయారయ్యేది ఎముకల లోపలి మూలుగలో. అక్కడ చెడ్డ కణాలు కలుపుమొక్కల్లా పెరిగిపోవడమే ఈ జబ్బు. ముందు మందులతో వాటిని అణచి, తర్వాత ఇంకొకరి మంచి మూలకణాలు ఎక్కిస్తారు. కోతలూ కుట్లూ ఏమీ ఉండవు, రక్తం ఎక్కించినట్టే. సియాటిల్‌లో ఈ వైద్యానికి ప్రాణం పోసిన డోనాల్ థామస్‌గారికి 1990లో నోబెల్ బహుమానం వచ్చింది. ముంబాయి టాటా ఆసుపత్రిలో 1983లోనే చేశారు. అయితే అప్పట్లో పాత మూలుగనంతా మాడ్చేసే మోతాదులో మందులిచ్చేవారు. దానికి పడుచువాళ్ళే అల్లాడిపోయేవారు. కాన్సరు కణాలను వెదికి చంపే పని ఎక్కించిన కొత్త కణాలే కొంత చూసుకుంటాయని తెలిశాక, 1990ల చివర్లో మోతాదు తగ్గించారు. అంచేత అరవై, డెబ్భై దాటినవాళ్ళకీ దారి దొరికింది. వయసొక్కటే కాదు, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు ఎలా ఉన్నాయో, తన పనులు తను చేసుకోగలరో లేదో చూస్తారు.

ఇక కణాలెవరివ్వాలి? రక్తం గ్రూపు కలవక్కర్లేదు. హెచ్.ఎల్.ఏ. గుర్తులని వేరే ఉన్నాయి. ఒక్కొక్క తోబుట్టువుతో అవి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. పైగా వాళ్ళూ పెద్దవాళ్ళే కదూ! కన్నబిడ్డలతో సగమైనా కలుస్తాయి, ఆ సగంతోనూ ఇప్పుడు చేస్తున్నారు. చిక్కంతా ఇక్కడే వస్తుంది. కొడుకు ఇస్తానంటే "సంపాదించే పిల్లాడు, నీరసించిపోతాడు" అంటారు. కూతురు ఇస్తానంటే "అత్తవారేమంటారో!" నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు, కాస్త ఒళ్ళునొప్పులు, ఆపైన చేతినరం లోంచి యంత్రంతో కొన్ని గంటలు కణాలు తీస్తారు. తీసినవి మళ్ళీ తయారవుతాయి. గర్భిణులనైతే వద్దంటారు.

అలాగని తేలికేం కాదు. కొత్త కణాలు ఒక్కొక్కప్పుడు రోగి చర్మం, పేగులు, కాలేయం మీదే తిరగబడతాయి. ఇతర రోగాలు సోకుతాయి, అసలు జబ్బు తిరగబెట్టనూవచ్చు. ఖర్చు లక్షల్లో మాట. మొదటి వంద రోజులూ ఆసుపత్రికి దగ్గర్లోనే కాపురం. ఆ రోజుల్లో పచ్చి ముక్కలు, బజారు చట్నీ, నిన్నటి పప్పు పెట్టకూడదు. అప్పుడే దించిన అన్నం, చారు అయితే నయం.

ఇవన్నీ విని ఆవిడ వద్దంటే అజాసిటిడిన్, వెనెటోక్లాక్స్ వంటి మందులున్నాయి, కొంతకాలం అదుపులో పెడతాయి. కానీ జబ్బు పేరైనా చెప్పకుండా, ఆవిడ తరఫున వరండాలో మనమే తీర్పు చెప్పేయడం ఏం న్యాయమండీ? డాక్టరుగారితో మాట్లాడేటప్పుడు ఆవిణ్ణి కూడా కూర్చోబెట్టండి. జబ్బు అణిగిందా, మార్పిడికి ఒళ్ళు తట్టుకుంటుందా, చేయించుకుంటే ఏమిటి, మానుకుంటే ఏమిటి అని ఆవిడ ఎదుటే అడగండి.