పలకపై అక్షరం

కందిమల్లాయపల్లెకు నేటి పేరు బ్రహ్మంగారిమఠం. సిద్దయ్య గురువును వెదకికొంటూ వచ్చి చేరిన ఊరిదని ప్రతీతి. ఇక్కడి పట్టభద్రుడొకడు ఉపాధ్యాయుడు కాదలచినాడనుకొందాం. కడపలో 2006లో ఏర్పడిన యోగి వేమన విశ్వవిద్యాలయం ఉన్నది; దాని పరిధిలో బి.ఎడ్. కళాశాలలున్నవి. ఆ పట్టా చేతికి వస్తే ఏ తరగతికైనా పాఠం చెప్పవచ్చునని ఇంటివారి నమ్మకం.

అది సరికాదు. 2018లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి బి.ఎడ్. వారిని ప్రాథమిక తరగతులకు అర్హులను చేసినది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ అర్హత చెల్లదన్నది. అయిదవ తరగతి వరకు బోధించడానికి డి.ఎల్.ఎడ్. అనే రెండేళ్ల డిప్లొమా వంటి వేరు శిక్షణ కావలెను. అప్పటికే డబ్బూ కాలమూ వెచ్చించినవారి బాధ చిన్నది కాదు. అయినా తీర్పులోని న్యాయం నాకు సమ్మతమే.

పదవ తరగతికి బీజగణితం చెప్పడం ఒక విద్య. ఇంటి మాట తప్ప మరొకటి ఎరుగని పసిపాపచేత పలకపై ‘అ’ దిద్దించడం మరొక విద్య. మొదటిదానికి కింది మెట్టు కాదు. అక్షరం వంకరపోతే లోపం చేతిదా, కంటిదా, భయానిదా? అది పసిగట్టడమే అక్కడ పాండిత్యం.

కనుక శ్రోతలారా, మీ ఇంట అటువంటి యువకుడుంటే, దరఖాస్తు వ్రాయకముందే ఊరిబడిలో ఒకటవ తరగతి వెనుక ఒక పూట కూర్చుండి రమ్మనండి.