తాటాకు పెట్టె - పల్లీపట్టీ
(ఉగాది సభలో చదివిన ప్రసంగపాఠం)



మాట్లాడవలసిందని కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము రెండు విధాల జంకాము. మా చదువు మెట్రిక్‌తో ఆగింది. పైగా రైల్వే పార్సెలు ఆఫీసులో గుమాస్తాపని చేసేవారికి బరువులూ రసీదులూ తెలుస్తాయి గాని ఉపన్యాసాలు తెలియవు. "బరువుల సంగతే చెప్పండి, చాలు" అన్నారాయన. ఆ ధైర్యంతో నిలబడ్డాము. చెప్పబోయేది చిన్న బేరం సంగతి. మన ఆడవాళ్లు చేసే తీపివంటలూ, యీ చుట్టుపక్కల చేతిపనివారు అల్లే తాటాకు పెట్టెలూ కలిసి ఒక వ్యాపారం కావాలంటే ఏమి చేయాలన్నది విషయం. ఇందులో మా తప్పు ఒకటి ఉన్నది. దాచకుండా అదీ చెప్పుకొంటాము.

మన ఆలంగుళం తెలుగువారిలో రెండు తరగతులున్నారు. కొందరి పూర్వులు ఎన్నో తరాల క్రిందటే యీ నల్లరేగడికి వచ్చి పాతుకొన్నారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసేవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్‌గారిదీ అటువంటి తెలుగిల్లే. ఆయన వ్రాసింది మాత్రం తమిళం. 1991లో సాహిత్య అకాడమీ బహుమానం వచ్చింది. ఇక రెండో తరగతి మావంటివారు, ఉద్యోగం పేరిట నిన్నగాక మొన్న వచ్చినవారు. గోదావరి గట్టునుండి దిగిన కొత్తలో "కోవిల్‌పట్టి" అన్న మాట విని, గుడి దగ్గర అమ్మే పల్లీపట్టీ కాబోలు అనుకొన్నాము. పట్టి అంటే ఊరని తరువాత తెలిసింది. అయితే మా పొరపాటు మరీ పొరపాటు కాదు. ఆ ఊరి పేరు చెబితే యీ దేశంలో ముందు గుర్తుకు వచ్చేది కడలై మిట్టాయే గదా!

1940 దశకంలో పొన్నంబల నాడారుగారు తమ కిరాణా కొట్టులో, తాటిబెల్లానికి బదులు చెరకుబెల్లంతో వేరుశనగపప్పు కలిపి, యిప్పుడు మనం చూచే మిఠాయి చేశారని అక్కడివారు చెబుతారు. గింజ వేయించి, పొట్టు ఊదేసి, బద్దలు చేసి, ముదురుపాకంలో కలిపి, బల్లమీద పరచి, వేడి తగ్గకముందే గీతలు కోస్తారు. పాకం లేతదైతే పంటికి అంటుకొంటుంది. ముదిరితే పన్నే ఊడుతుంది. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు దొరికింది. అంతకు ఒక ఏడు ముందు, 2019లో, శ్రీవిల్లిపుత్తూరు పాలకోవాకూ దొరికింది. ఇది ఎందుకు చెబుతున్నామంటే, మన యింటి వంటగదిలో అదే గింజ, అదే బెల్లం వేసి చేసినా దానికి "కోవిల్‌పట్టి కడలై మిట్టాయి" అని చీటీ అంటించే హక్కు మనకు లేదు. ఆ పేరు ఆ ప్రాంతపు తయారీదారులది. మనం మన పేరుతో "పల్లీపట్టీ" అని అమ్ముకొంటే తప్పులేదు. మన సంఘంలో ఒకరిద్దరు "పేరు పెడితే ఎవరు చూస్తారు?" అన్నారు. చూచినా చూడకపోయినా అది ఒకరి సొమ్ము.

పేరు విషయంలో యింత నీతిగా మాట్లాడిన మేము పెట్టె విషయంలో ఏమి చేశామో వినండి.

రెండేళ్ల క్రిందట ఉగాదికి, ఊళ్లోనూ పైఊళ్లలోనూ ఉన్న మన కుటుంబాలకు పల్లీపట్టీ, సున్నుండలు పంపుదామని ఆడవాళ్లు తలపెట్టారు. ఒకసారి వాడిపారేసే ప్లాస్టిక్ సంచులూ వగైరాలను యీ రాష్ట్రంలో 2019 జనవరి 1 నుండి నిషేధించారు గనుక, తాటాకు పెట్టెలైతే చూడ ముచ్చటగా ఉంటాయన్నారు. బేరం మాకు అప్పగించారు. పక్క పల్లెలో ఒక ముసలమ్మ అల్లుతుంది. ఊరంతా ఆమెను పాట్టి అంటారు. మేమూ అదే పిలుపు. పెట్టెకు 45 రూపాయలు చెప్పింది. అట్టపెట్టె పది రూపాయలకు వస్తుందని వాదించి 28కి దించాము. ఇంటికి వచ్చి మా యింటావిడ దగ్గర గొప్పగా చెప్పుకొన్నాము కూడా. 120 పెట్టెలు, మూడు వారాల గడువు. బయానా ఒక్క రూపాయి యివ్వలేదు.

"తంబీ, ఆకు యింకా పచ్చిగా ఉంది, పదిరోజులన్నా ఎండనీ" అన్నది పాట్టి.

"పండుగ ఆగుతుందా పాట్టీ?" అన్నాము మేము.

తాటిచెట్టు మొవ్వులోని లేతాకు కోయించి, ఎండబెట్టి, ఈనె తీసి, కత్తితో సన్నని పట్టీలుగా చీల్చి, కాస్త తడిచేసి అల్లాలి. పచ్చి ఆరని ఆకుతో అల్లితే అల్లినప్పుడు బిగువుగానే కనిపిస్తుంది. తరువాత ఆకు ఆరి ముడుచుకొంటుంది. అల్లిక వదులవుతుంది, మూత కూర్చోదు. ఈ సంగతి ఆమెకు తెలుసు. మాకు తెలియదు. తెలియదని కూడా మాకు తెలియదు.

గడువునాటికి 110 పెట్టెలు వచ్చాయి. ముప్ఫయింటికి మూతలు వదులు. అవి తిప్పి పంపాము. మిగతావాటిలో మన ఆడవాళ్లు, బస్సు వేళ దాటిపోతుందన్న తొందరలో, పట్టీ పూర్తిగా చల్లారకముందే సర్దారు. నాలుగో నాటికి మదరాసునుండి ఫోను: బెల్లం చెమర్చింది, పెట్టె లోపల బూజు. "ఆ ముసలమ్మ ఆకులో ఏదో ఉంది" అని మేమే మొదట అన్నాము. అని, ఆమెకు రావలసిన దానిలో మరి కొంత తగ్గించి యిచ్చాము. పాట్టి లెక్కపెట్టుకొని చెంగున ముడివేసికొని, ఒక్కమాట అనకుండా వెళ్లిపోయింది.

తరువాత ఒక నెలకు, డ్యూటీ దిగి వస్తూ స్టేషను బయట చూశాము. ఆ ముప్ఫై పెట్టెలూ ఒక గోనెపట్టామీద పరచుకొని కూర్చున్నది. ఒకటి కొనబోతే డబ్బు తీసుకోలేదు. "నీ కొలతకు అల్లినవే తంబీ, తీసుకొనిపో" అన్నది. ఆకు కోసినవాడికి యివ్వడానికి ఆమె అప్పు చేసిందని పక్కనున్న పూలమ్మి చెప్పింది. ఆ తరువాత పాట్టి అల్లడం మాని అగ్గిపెట్టెల పనికి పోసాగింది.

అగ్గిపెట్టెల పని యీ జిల్లాకు కొత్త కాదు. అయ్య నాడారు, షణ్ముగ నాడారు కలకత్తా పోయి ఆ విద్య నేర్చి 1923లో శివకాశికి తెచ్చారు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి - యీ మూడూళ్ల మధ్య ఎన్ని వేల ఆడకూతుళ్ల చేతులు దానిలో అరిగాయో. అక్కడా పెద్ద బాగు లేదు. రూపాయి అగ్గిపెట్టె రెండు రూపాయలు కావడానికి 14 ఏళ్లు పట్టింది. 2021 డిసెంబరులో గాని కాలేదు. అయినా వారం తిరిగేసరికి కూలి చేతికి వస్తుంది. మా దగ్గర అదికూడా రాలేదు గదా.

ఆ రాత్రి మాకు మా మేనత్త జ్ఞాపకం వచ్చింది. ఆమెది ఆత్రేయపురం వైపు. పూతరేకులు చేసేది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. అత్త అప్పటికి లేదు. రేకు తీయడానికి కుండను బోర్లించి కింద మంట పెడతారు. పల్చని బియ్యపు పిండినీళ్లలో గుడ్డ ముంచి కుండమీద ఒక్క వాలున లాగితే క్షణంలో పొర లేస్తుంది. కుండ వీపు నున్నగా లేకపోతే రేకు చిరుగుతుంది. అంటే, చేయి అత్తదైనా సగం విద్య కుమ్మరిది. అత్త కుండను వేలితో కొట్టి చూచేది, వాసనకూడా చూచేది. ఎన్నడూ ధర దగ్గర గీచి బేరమాడగా మేము చూడలేదు. మొదటి మంటకే కుండ పగిలితే కుమ్మరి వేరొకటి యిచ్చేవాడు. పండుగనాడు అతని యింటికి రేకులు వెళ్లేవి. పగిలిన దాని నష్టం యిద్దరూ మోసేవారన్నమాట. ఇది మేము చిన్నప్పుడు కళ్లార చూచినదే. మూడువందల కోసుల దూరం వచ్చేసరికి మరచిపోయాము.

మరునాడు పోయి పాట్టికి బాకీ సొమ్మంతా చెల్లించాము. ముప్ఫై పెట్టెలదీ, కోసుకొన్నదీ కలిపి. క్షమించమని అడగడానికి తమిళం సరిగా రాలేదు. ఆమె నవ్వి, "నీ తమిళం నా పచ్చి ఆకులాగుంది" అన్నది.

ఆ తరువాత లెక్క వేశాము. గుమాస్తాలం గనుక లెక్క వేయనిదే మాకు నిద్రపట్టదు. ఆకు సిద్ధంగా ఉంటే పాట్టి రోజుకు ఆరు పెట్టెలు అల్లుతుంది. 28 చొప్పున 168 రూపాయలు. ఆకుకూ కోతకూ పెట్టెకు 8 పోతే మిగిలేది 120. ఆకు ఎండబెట్టి చీల్చే రోజులు యిందులో చేరలేదు. 45 చొప్పున అయితే 222. మేము ఏడిపించి దించిన 17 రూపాయలలో ఆమె పూటభోజనమే ఉన్నది. ఆమె మొదట చెప్పిన ధరలో అత్యాశ ఏమీ లేదు, మాకు లెక్క రాలేదంతే.

ఈ ఏడు చెన్నపట్నంలోని కుటుంబాలు మళ్లీ అడిగాయి. ఈసారి 300 పెట్టెలు, దీపావళికి. సంఘంలో రెండు అభిప్రాయాలున్నాయి. శివకాశి యింత దగ్గర ఉండగా, రంగురంగుల అట్టపెట్టెలు అచ్చువేయించక యీ తంటా ఎందుకని కొందరంటున్నారు. వారి మాటను మేము తేలికగా తీసివేయము. అట్టపెట్టె మడిచి పంపవచ్చు. తాటాకు పెట్టె ఉబ్బుగా ఉంటుంది గనుక లోపలి గాలికికూడా కిరాయి కట్టాలి. పార్సెలు బల్లమీద కూర్చునేవారికి యిది బాగా తెలుసు. పైగా ఆకుపెట్టె గాలి ఆపదు. లోపల నూనెకాగితం వేయక తప్పదు. సున్నుండలకు అట్టపెట్టే మేలని మేముకూడా ఒప్పుకొంటాము.

కాని పల్లీపట్టీకి తాటాకు పెట్టె కావాలని మా మనవి. అది తిన్న తరువాత ఆ పెట్టె యింట్లో ఉంటుంది. మా యింట్లో ఆ రోజు పాట్టి ఊరికే యిచ్చినదానిలో యిప్పుడు సూదులూ బొత్తాలూ ఉన్నాయి. జాలితో కొనవలసిన సరుకు కాదది. ఏటికొప్పాక బొమ్మలు చూడండి. సి.వి. రాజుగారు అక్కడి పనివారితో కూర్చుని ఆకులు, గింజలు, వేళ్లనుండి తీసే పాత రంగులను మళ్లీ వాడకంలోకి తెచ్చారు. పిల్లలు నోట పెట్టుకొన్నా భయంలేని బొమ్మలయ్యాయి. 2017లో వాటికి గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ. పనివారి పక్కన కూర్చోవడం అక్కడ ఎంతో కలిసివచ్చింది. మేము ఎదురుగా నిలబడి బేరమాడాము.

పాట్టితో యిప్పుడు అనుకొన్న మాటలు యివి. ధర 45. సగం సొమ్ము ఆకు కోసేనాడే. లేతాకు ఎడాపెడా కోస్తే చెట్టు దెబ్బతింటుంది గనుక ఆకు ఎప్పుడు, ఎంత అన్నది ఆమె యిష్టం. దీపావళినాటికి యిక్కడ వానలు పడతాయి, ఆకు ఎండదు. అందుచేత ఎండలు ఉండగానే అల్లి, పొడిచోట దాచాలి. ఒక పెట్టె నమూనాగా సంఘం దగ్గర, దానికి జోడు ఆమె దగ్గర. చేతి అల్లిక గనుక ఒక వేలు వెడల్పు అటూయిటూ అయినా తీసుకోవాలి. మూత కూర్చోనివి వస్తే నష్టం చెరిసగం. బూజు పట్టితే ముందు మన వంటగదిలో విచారించుకోవాలి. పట్టీ రాత్రంతా ఆరిన తరువాతనే సర్దాలి. యిది ఆడవాళ్లకు చెప్పే ధైర్యం మాకు లేదు, మా యింటావిడే చెబుతానన్నది. ఆహార భద్రతాశాఖ రిజిస్ట్రేషను కాగితం కూడా ఆవిడ పేరే పెట్టాము.

రైల్వేవారు 2022లో "ఒక స్టేషను - ఒక ఉత్పత్తి" అని పథకం పెట్టారు. స్థానికులు చేసిన వస్తువులను స్టేషనులో అమ్ముకొనేందుకు కొద్ది రుసుముతో చోటు యిస్తారు. మన ఊళ్లో స్టేషను లేదు గాని, పక్క స్టేషనులో పాట్టి పేరిట అర్జీ వ్రాసి యిచ్చాము. ఏమవుతుందో చూడాలి. ఉద్యోగస్థులం గనుక యింతకంటె మాట్లాడకూడదు.

300 పెట్టెలకు 13,500 రూపాయలు. అందులో సగం, 6,750, ముందుగా కావాలి. సంఘం నిధినుండి తీయవచ్చునా అన్నది మీరు యీ సభలోనే తేల్చాలి. నిధి వద్దంటే, తలా కొంచెం వేసికొనే చీటీ మా దగ్గర ఉన్నది. మొదటి పేరు మాదే వ్రాశాము. నమూనా పెట్టె అధ్యక్షులవారి ముందు బల్లమీద పెట్టాము. చేత పట్టుకొని, మూత తీసి, వేసి చూడండి. పాట్టి కూడా వచ్చింది, వెనుక వరుసలో తలుపు పక్కన కూర్చున్నది. పచ్చడి ముందు ఆమెకు యివ్వవలసిందని కార్యదర్శిగారిని కోరుతున్నాము. వేపపూవు వేసిన పచ్చడి తానెన్నడూ తినలేదట.