సూక్ష్మజీవుల ఆయుధములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)

 

పొలము పనిలో కాలికి పలుగు తగులుట, ముల్లు గ్రుచ్చుకొనుట పల్లెలలో నిత్యము జరుగునదే. పెక్కు గాయములు వాటంతట నవియే మానిపోవును. ఒక్కొక్కటి మాత్రము కాలెల్ల వాచి, జ్వరము తెచ్చి, ప్రాణముమీదికి వచ్చును. గాయము చిన్నది, కీడు పెద్దది. దీనికి కారణమేమి?

కంటి కగపడని సూక్ష్మజీవులే కారణము. వీనికి కోరలు లేవు, గోళ్లు లేవు. వీని ఆయుధములలో ముఖ్యమైనవి ఎంజైములు. ఎంజైమనగా తాను తరిగిపోక ఇతర పదార్థములను మార్చు మాంసకృత్తు. అన్నమును నమలుకొలది తీపి పుట్టుట లాలాజలములోని ఎంజైము వలననే. మనుష్యునికి అన్నము నరిగించు శక్తి యేదో, సూక్ష్మజీవికి మనుష్యదేహమునే కరగించు శక్తియు నట్టిదే.

వరిమడులకు గట్లున్నట్లు దేహములో కణముల నడుమ జిగురు పదార్థ మొకటి కలదు. స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి హయలురానిడేజు అను ఎంజైముతో దానిని కరగించును. గట్టు తెగినచోట నీరు పారినట్లు విషపదార్థములు ప్రక్కలకు వ్యాపించుటకు దారి యేర్పడును.

అంతట దేహము రక్తమును గడ్డకట్టించి శత్రువును నిర్బంధింప జూచును. ఆ సూక్ష్మజీవియే స్ట్రెప్టోకైనేజను మఱియొక పదార్థమును విడుచును. అది గడ్డను తానై కోయదు. రక్తములో నిద్రాణమై యున్న ఎంజైమును మేల్కొలిపి, దానిచేతనే గడ్డను కరగింపజేయును. ఇంటిగుట్టు లంకకు చేటన్నట్లయినది! ఈ గుణమును 1933లో టిల్లెట్, గార్నర్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ ఆయుధమునే వైద్యులు గుండెపోటునకు మందుగా మార్చిరి. అది మరణములను తగ్గించునని 1986లో ఇటలీలో 11,000 మందికి మించిన రోగులపై జరిగిన పరిశోధన తేల్చెను.

ధనుర్వాత విషమును ఎంజైమే యని 1992లో వెల్లడియయ్యెను. కండరములను అదుపులో నుంచు నరముల కొనలలో ఒక మాంసకృత్తును అది ఖండించును. అదుపు తప్పిన కండరములు బిగిసి, దేహము విల్లువలె వంగును. విషము నరములలో ప్రవేశించిన పిదప విరుగుడు దానిని చేరలేదు.

కావున గాయమునకు పేడ, మన్ను, బూడిద పూయరాదు. ధనుర్వాత బీజములు మంటిలోను పేడలోను నుండును. గాయమును సబ్బుతో, శుభ్రమైన నీటితో కడిగి, వైద్యునికి చూపవలెను. టీకాలు గాయమునకు ముందే సకాలమున వేయించుకొనవలెను. గట్టు తెగకముందే కాచుకొనుట కృషీవలునికి తెలియని విద్య కాదు.