మానిన మూడవనాడు

కోటప్పకొండ తిరునాళ్లకు ప్రభల వెంట పోయి, త్రికోటేశ్వరుని యెదుట ఇక త్రాగనని ప్రమాణము చేసి వచ్చినవారిని మన పలనాట మనమెందరినో ఎరుగుదుము. మంచి సంకల్పమే. కాని ఏండ్ల తరబడి ప్రతిదినము విపరీతముగా త్రాగినవాడు ఒక్కసారిగా మానినచో దేహము ఊరకుండదు. ఆ దినముననే చేతులు వణకవచ్చును, చెమటలు పట్టవచ్చును. రెండు దినముల లోపల మూర్ఛ రావచ్చును. మూడవనాటికి కొందరికి మతి తప్పి, లేని పురుగులు ఒంటిమీద ప్రాకుచున్నట్లు, ఎవరో పిలుచుచున్నట్లు తోచును.

ఇంటివారు గాలి సోకినదందురు. వేపమండలతో మంత్రించువానిని పిలుతురు. మ్రొక్కు చెల్లింపులో లోపము వెదకువారును కలరు! అది గాలి కాదు. మద్యము మెదడును నిత్యము జోకొట్టుచుండగా, మెదడు దానికి ఎదురు నిలుచుటకై తన వేగమును పెంచుకొని యుండును. జోల ఆగినను ఆ వేగము ఆగదు. చికిత్స లేనిచో ప్రాణమే పోవచ్చును.

కనుక అట్టివాడు మానదలచినచో, ముందుగా నరసరావుపేటలోనో గుంటూరులోనో వైద్యునికి చూపవలెను. ఆసుపత్రిలో మెదడును నెమ్మదింపజేయు మందును దినదినము తగ్గించుచు ఇత్తురు. బి1 విటమినును ఎక్కింతురు. ఆ మందును అంగడిలో కొని ఇంట వాడరాదు. అదియు అలవాటు చేయు మందే. వెనుక ఒకసారి మూర్ఛ వచ్చియున్నచో ఆ మాటయు, కడపటిసారి త్రాగి ఎన్ని గంటలైనదియు వైద్యునికి దాచక చెప్పవలెను.