హెచ్చరిక దీపాల భాష



బెంగుళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పండుగ వచ్చిందంటే చిత్తూరు, తిరుపతి వైపు ప్రయాణాలు మొదలవుతాయి. కోలారు, ముళబాగిలు దాటి పలమనేరు చేరేసరికి కారులో పసుపుపచ్చని పెట్రోలు దీపం వెలుగుతుంది. "ఇంకా కొంత దూరం వస్తుందిలే" అని బండిని మొగిలి ఘాట్‌లోకి దింపేవారు ఉన్నారు. ఆ కొంత దూరం ఎంత అన్నదే ప్రశ్న.

దీపం వెలిగినప్పుడు ట్యాంకులో మిగిలే ఇంధనం అన్ని బండ్లలో ఒకటి కాదు. మీటరు చూపే కిలోమీటర్ల లెక్క అంతవరకు బండి నడిచిన తీరును బట్టి వేసిన అంచనా మాత్రమే. వాలు రోడ్డుపై అడుగున ఉన్న కొద్ది ఇంధనం ఒక పక్కకు చేరి పంపుకు అందకపోవచ్చు. ఇంజను ఆగిపోతే బ్రేకుకు తోడ్పడే శక్తి రెండు మూడు తొక్కులతో తరిగిపోతుంది. అనేక బండ్లలో స్టీరింగు కూడా బరువెక్కుతుంది. ఘాట్ మలుపులో ఇది ప్రాణాపాయం. పైగా నేటి పెట్రోలు కార్లలో పంపు ట్యాంకులోనే ఉంటుంది. దానిని చల్లబరచేది ఆ పెట్రోలే. కాబట్టి పావు ట్యాంకు ఉండగానే నింపుకోవడం క్షేమం.

తక్కిన దీపాలను రంగును బట్టి గుర్తించవచ్చు. ఆకుపచ్చ, నీలం సమాచారం మాత్రమే. పసుపు త్వరలో చూపించమంటుంది. ఎరుపు వెంటనే ఆగమంటుంది.

నూనె చుక్క కారుతున్న కూజా గుర్తు ఎర్రగా వెలిగితే ఇంజనులో ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని అర్థం. బండిని పక్కకు తీసి ఇంజను ఆపాలి. మరికొన్ని నిమిషాలు నడిపినా ఇంజను బిగుసుకుపోవచ్చు. థర్మామీటరు గుర్తు వెలిగితే ఇంజను వేడెక్కింది. చల్లారక ముందు రేడియేటరు మూత తీస్తే మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది. హ్యాండ్‌బ్రేకు దించినా బ్రేకు దీపం ఆరకపోతే బ్రేకు ఆయిల్ తగ్గి ఉండవచ్చు. ఆ బండిని నడపరాదు. బ్యాటరీ దీపం వెలిగితే ఛార్జింగు ఆగినట్లు; సమీపంలోని మెకానిక్కును చేరాలి. పసుపుపచ్చని ఇంజను గుర్తు నిలకడగా ఉంటే త్వరలో చూపించాలి. మిణుకుమిణుకుమంటే వేగం తగ్గించి ఆపడం మంచిది.

తాళం తిప్పగానే ఈ దీపాలలో చాలావరకు ఒకసారి వెలిగి, ఇంజను మొదలయ్యాక ఆరిపోతాయి. అది వాటి స్వయంపరీక్ష. అప్పుడు వెలగని దీపం ఆపదలోనూ వెలగదు.

కారుతో ఇచ్చే పుస్తకం ఇంగ్లీషులో ఉన్నదని పక్కన పెట్టేవారు అనేకులు. కానీ ఈ గుర్తులు దాదాపు అన్ని కార్లలో ఒకటే. కన్నడిగునికైనా, తెలుగువానికైనా, తమిళునికైనా ఒకే మాట చెబుతాయి. బయలుదేరే ముందురోజు ఇంటిల్లిపాదీ ఆ బొమ్మల పుట ఒకసారి చూసుకోవడం చాలు. జాతీయ రహదారిపై బండి ఆగిపోతే సహాయానికి 1033కు ఫోన్ చేయవచ్చు. ఆ అవసరం రాకుండా చూసుకోవడమే మేలు.

అందరికీ క్షేమప్రయాణం కలుగుగాక.