పాత యంత్రమునకు క్రొత్త వేగము



మన గ్రంథాలయమందలి పాత కంప్యూటరు వేగమును హెచ్చింపవచ్చునా యని యువకులు నన్నడిగిరి. అందున్నది 2009లో ఏ.ఎం.డి. సంస్థ విడుదల చేసిన ఫినమ్ 2 ఎక్స్2 550 బ్లాక్ ఎడిషన్ ప్రాసెసరు. అందు పనిచేయు కోర్లు రెండే. కాని లోపలి సిలికాన్ పలకపై నాలుగు కలవు. తక్కిన రెంటిని సంస్థయే మూసివైచినది. కొన్ని మదర్‌బోర్డులలో ఒక అమరికను మార్చినచో అవి తెరచుకొనవచ్చును. ఇక వేగమందురా, 200 మెగాహెర్ట్జులకు 15.5 రెట్లు, అనగా 3.1 గిగాహెర్ట్జులు. ఆ రెట్లను పెంచుటయే ఓవర్‌క్లాకింగు.

అయితే మూసిన కోర్లన్నియు ఒక్క తీరువి కావు. కొన్నిటిని లోపముండి మూసిరి. కొన్నిటిని చవుక సరకునకు గల గిరాకి తీర్చుటకై మూసిరి. ఏది యెట్టిదో పైకి తెలియదు. లోపమున్నదానిని తెరచినప్పుడు యంత్రము ఆగిపోయిన మేలే. ఆగక, తప్పు లెక్కలతో నడచుచు, మన పుస్తకముల పట్టికను చెరచిననే కష్టము. వేగముతోపాటు విద్యుత్తు ఖర్చు, వేడిమి కూడ హెచ్చును.

కావున యువకులారా! ముందుగా పట్టికకు నకలు తీసి వేరుచోట భద్రపరచుడు. పిమ్మట ఒక్కొక్క మెట్టే యెక్కుచు, రాత్రియంతయు బరువు పని పెట్టి పరీక్షింపుడు. తప్పు దొరలినచో సందేహింపక వెనుకకు మరలుడు. ఇరువదియైదేండ్లు కూర్చిన పట్టికను క్షణముల వేగమునకై పణము పెట్టరాదు.