చందువానా, రూప్‌చందా?

సముద్రపు చేపల్లో కానాగడతను పట్టుడు తేలికే. వీపు పక్కన చుక్కల వరుస, తోక దగ్గర బుడిబుడి రెక్కలు ఉంటయి. తిప్పలంతా తెల్ల చందువాతోనే. దానికి ధర ఎక్కువ, అందుకే చెరువుల్ల పెంచిన రూప్‌చంద్‌ను చందువా అని అంటగడతరు.

నోరు తెరిచి చూడుండ్రి. రూప్‌చంద్‌కు మనిషి పళ్ల లెక్క గట్టి పళ్లుంటయి. వీపు రెక్కకు, తోకకు నడుమ చిన్న కండ రెక్క, కడుపు కింద జత రెక్కలు ఉంటయి. చందువాకు ఈ రెక్కలు రెండూ ఉండవు. తోక లోతుగా చీలి ఉంటది.

రూప్‌చంద్ చెడ్డదని నేననను, పులుసుకు బాగనే ఉంటది. దాని ధరకే దాన్ని కొనాలె. సంఘం అప్పుతో చేపలమ్మే చెల్లెళ్లు ఐసు తీయించి, నిండు చేపనే చూడండి. ముక్కలు కొట్టినంక ఇవేవీ కనపడవు.